గ్యారీ కిల్డాల్ : ఆలస్యమైన కూర్పు కథ



విండోస్ అమర్చిన కంప్యూటరును దేనిని తెరిచినా, మన రాతకోతలన్నీ దాగి ఉండే చోటికి 'సి' అనే ఇంగ్లీషు అక్షరం పేరుగా కనబడుతుంది. 'ఏ'తో మొదలు కావలసిన వరుస 'సి'తో ఎందుకు మొదలైందని మనలో ఎందరు ఆలోచించి ఉంటారు? 'ఏ', 'బి' అనేవి ఒకనాడు ఫ్లాపీ డిస్కులను చదివే డ్రైవుల పేర్లు. ఫ్లాపీలు వాడుక నుండి తొలగిపోయాయి. బంతిలో మొదటి ఇద్దరూ లేచిపోయినా మూడవవాడు తన విస్తరి ముందు నుండి కదలనట్లు, 'సి' మాత్రం తన చోటనే ఉండిపోయింది. ఈ అక్షరాల వాడుకను చిన్న కంప్యూటర్లలో వ్యాపింపజేసిన వ్యక్తి గ్యారీ కిల్డాల్. ఆయన 1994లో, 52 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. ఆయన చేసిన పని నేటికీ కోట్లాది యంత్రాలలో సజీవంగా ఉన్నది. ఆయన పేరు చెప్పగానే లోకం జ్ఞాపకం చేసుకొనేది మాత్రం, ఒక మహావకాశాన్ని విమాన విహారం కోసం జారవిడుచుకొన్నారనే కట్టుకథను. ఈ వ్యాసంలో ఆ కథను ప్రక్కకు పెట్టి, ఆ మనిషిని మీ ముందుంచాలని మా ప్రయత్నం.

ఈ జీవితాన్నే మేము ఎన్నుకొనడానికి మరొక కారణం కూడా ఉన్నది. నేడు మన మిత్రులు నలుగురు కూడిన చోట, ఫోనుకైనా కంప్యూటరుకైనా రాబోయే ఆపరేటింగ్ సిస్టం ఎట్లుంటుంది, ఏయే కొత్త సౌకర్యాలు వస్తాయి, ఎప్పుడు వస్తుంది అన్న ఊహాగానాలు సాగుతూనే ఉంటాయి. పుస్తకానికి ఒక ముద్రణ తరువాత సవరించిన మరొక ముద్రణ వచ్చినట్లు, ఆపరేటింగ్ సిస్టముకూ ఒక కూర్పు తరువాత మరొక కూర్పు వస్తుంది. ఈ నిరీక్షణ కొత్తది కాదు. 1979, 1980 సంవత్సరాలలో చిన్న కంప్యూటర్ల లోకం ఇట్లే ఒక కూర్పు కోసం ఎదురుచూసింది. ఆ కూర్పును ఇవ్వవలసినవారు కిల్డాల్. అది ఆలస్యమైంది. ఆ ఆలస్యం ఆయన జీవితాన్నే కాక, కంప్యూటర్ల చరిత్రను కూడా మలుపు త్రిప్పింది.

ముందుగా, ఈ విషయంతో పరిచయం లేని మిత్రుల కోసం ఒక్క మాట. ఆపరేటింగ్ సిస్టం అంటే యంత్రానికీ, మనం వాడుకొనే ప్రోగ్రాములకూ నడుమ నిలిచే నిర్వాహకుడు. వసతి గృహంలో గదుల కేటాయింపు, భోజనాల వేళలు, తాళంచెవుల లెక్క నిర్వాహకుడు చూచుకొంటే, విద్యార్థి తన చదువు తాను చదువుకొంటాడు. అదే విధంగా డిస్కుపై ఏది ఎక్కడ దాచాలి, తెరపై అక్షరం ఎట్లు కనబడాలి, మీట నొక్కితే ఏమి జరగాలి అన్న వ్యవహారాలను ఆపరేటింగ్ సిస్టం వహిస్తుంది. నిర్వాహకుడు సమర్థుడైతే అతడున్నట్లే మనకు తెలియదు. ఈ వృత్తిలో కీర్తి దుర్లభం కావడానికి ఇదీ ఒక కారణమే.

గ్యారీ కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటిల్ రేవు పట్టణంలో జన్మించారు. ఆయన కుటుంబం అక్కడ ఒక నౌకాయాన విద్యాలయాన్ని నడిపేది. నక్షత్రాలను, పటాలను చూచి ఓడకు దారి నిర్ణయించే విద్యను నావికులకు నేర్పడం ఆ ఇంటి వృత్తి. గ్యారీ కూడా కొంతకాలం అక్కడ బోధించారు. బడిలో ఉన్నప్పుడు ఆయనకు పుస్తకాల కంటె యంత్రాలను విప్పి బిగించడంపైనే మక్కువ ఎక్కువ. గణిత ఉపాధ్యాయుడు కావాలన్న కోరికతో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరిన ఆయనను అక్కడి కంప్యూటరు తనవైపు లాగుకొన్నది. అది వియత్నాం యుద్ధకాలం. సైనిక సేవ తప్పనిసరి అయినందున ఆయన నౌకాదళంలో చేరారు. అయితే ఓడపైకి కాక, కాలిఫోర్నియా రాష్ట్రంలోని మాంటెరే పట్టణంలో ఉన్న నౌకాదళ స్నాతకోత్తర విద్యాలయానికి అధ్యాపకునిగా వెళ్ళారు. చదువు చెప్పడమే ఆయన సైనిక సేవ అయింది. 1972లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చేటప్పుడు వృథాను తొలగించే మార్గాలను గూర్చి 1973లో ఆయన ప్రకటించిన పరిశోధన పత్రం నేటికీ ఆ శాస్త్రానికి పునాదులలో ఒకటి. అందులోని విధానాన్ని కంప్యూటరు శాస్త్ర గ్రంథాలు ఆయన పేరుతోనే పిలుస్తున్నాయి. అనగా, వ్యాపారిగా ఆయనను లోకం ఎరుగకముందే పండితునిగా ఆయన స్థానం స్థిరపడింది.

1971 నవంబరులో ఇంటెల్ సంస్థ 4004 అనే సూక్ష్మ పరికరాన్ని విపణిలోకి తెచ్చింది. ఇంచుమించు 2,300 ట్రాన్సిస్టర్లను ఇమిడ్చుకొన్న ఆ చిన్న ముక్క, ఒక కంప్యూటరు మెదడు చేసే పనిని తానొక్కటే చేయగలిగింది. దానిని లెక్కల యంత్రాలలోను, చిన్నచిన్న ఉపకరణాలలోను అమర్చే వస్తువుగానే చాలామంది చూచారు. కిల్డాల్ దానిలో ఒక మనిషి తన బల్లపై పెట్టుకొని వాడుకొనదగిన కంప్యూటరును చూచారు. పూర్తి యంత్రాన్ని కూర్చుకొనే స్తోమత లేకపోవడంతో, విద్యాలయంలోని పెద్ద కంప్యూటరుపై ఆ చిన్న పరికరాన్ని అనుకరించే ప్రోగ్రామును వ్రాసుకొన్నారు. లేని యంత్రాన్ని ఉన్నట్లు భావించి, దానిపై పనిచేయడం నేర్చుకొన్నారన్నమాట! ఆ పని ద్వారా ఇంటెల్ సంస్థతో పరిచయం కలిగింది. అధ్యాపక వృత్తిని వదలకుండానే ఆయన ఆ సంస్థకు సలహాదారు అయ్యారు. సూక్ష్మ పరికరాలకు ప్రోగ్రాములు వ్రాయడం సులువయ్యేటట్లు పీఎల్/ఎం అనే భాషను ఆయన ఆ సంస్థ కోసమే రూపొందించారు.

ఆనాడు చిన్న యంత్రాలకు ప్రోగ్రామును ఎక్కించాలంటే రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీలే దిక్కు. ఒక తప్పు సరిదిద్దాలంటే పట్టీని మళ్ళీ పొడిచి, మళ్ళీ చదివించవలసి వచ్చేది. ఆ రోజుల్లోనే ఎనిమిది అంగుళాల ఫ్లాపీ డిస్కు డ్రైవులు వచ్చాయి. కిల్డాల్ షుగార్ట్ సంస్థ నుండి అరిగిపోయిన ఒక డ్రైవును సంపాదించారు గాని, దానిని చిన్న యంత్రంతో జతపరచే విద్యుత్ పరికరం ఆయనకు లొంగలేదు. ప్రోగ్రాములలో సిద్ధహస్తుడైనా తీగల పనిలో తన చేయి సాగదని ఆయన గ్రహించి, జాన్ టొరోడ్ అనే మిత్రుని సహాయం కోరారు. టొరోడ్ ఆ పరికరాన్ని నిర్మించి ఇచ్చారు. అప్పటికే కిల్డాల్ వ్రాసి ఉంచిన ఆపరేటింగ్ సిస్టం 1974లో మాంటెరే ప్రక్కనే ఉన్న పసిఫిక్ గ్రోవ్‌లో, ఆయన ఇంటివద్ద, మొదటిసారిగా పనిచేసింది. ఆజ్ఞను కోరే గుర్తు కనబడింది. యంత్రం ఆజ్ఞ కోసం సిద్ధంగా ఉన్నదని దాని అర్థం. ఆ ఆపరేటింగ్ సిస్టముకు సీపీ/ఎం అని పేరు పెట్టారు. మైక్రోకంప్యూటర్లకు నియంత్రణ ప్రోగ్రాము అని దాని భావం.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ తొలి కూర్పు కోసం ఎవ్వరూ ఎదురుచూడలేదు. ఏ పత్రికా దానిని గూర్చి ఊహాగానం చేయలేదు. తన పనికి అవసరమై ఒక అధ్యాపకుడు దానిని చేసుకొన్నాడు. ఆయన దానిని ఇంటెల్ సంస్థకు చూపితే, వారు పీఎల్/ఎం భాషను మెచ్చి తీసుకొన్నారు గాని సీపీ/ఎం తమకు అక్కరలేదన్నారు.

కిల్డాల్, ఆయన భార్య డొరోతీ మెక్‌యువెన్ కలసి దానిని తామే అమ్మనారంభించారు. వారు మొదట తమ సంస్థకు పెట్టుకొన్న పేరు ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్. నక్షత్ర మండలాల నడుమ వ్యాపించిన పరిశోధన సంస్థ అని దాని అర్థం! కోరిన పేరు అప్పటికి దొరకకపోవడం వల్ల వచ్చిన ఈ ఆర్భాటపు ముందుమాట తరువాత తొలగిపోయి, డిజిటల్ రీసెర్చ్ అన్నది నిలిచింది. నక్షత్ర మండలాల మాట అటుంచి, ఆ సంస్థ మొదట ఒక ఇంటి కుటుంబ వ్యాపారమే. వ్యవహారం, లెక్కలు డొరోతీ చూచేవారు. ప్రోగ్రాములు గ్యారీ వ్రాసేవారు. ప్రకటన చూచి 70 డాలర్లు పంపినవారికి టపాలో డిస్కు వెళ్ళేది.

ఆ రోజుల్లో చిన్న కంప్యూటర్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. ఒక్కొక్క తయారీదారుడు డ్రైవును ఒక్కొక్క విధంగా అమర్చేవాడు. సీపీ/ఎంను ప్రతి యంత్రానికీ మొదటినుండి తిరగవ్రాయవలసి వచ్చేది. 1976, 1977 ప్రాంతంలో ఇమ్‌సాయ్ అనే తయారీ సంస్థ కోసం ఈ పనికి మళ్ళీ పూనుకొన్నప్పుడు కిల్డాల్ విసిగిపోయి, ఒక మౌలికమైన మార్పు చేశారు. యంత్రాన్ని బట్టి మారే భాగాన్నంతటినీ విడదీసి ఒక చిన్న ముక్కగా వేరుపరచారు. దానికి ఆయన పెట్టిన పేరే బయాస్. ఇల్లు మారితే పొయ్యి మారుతుంది గాని వంట మారనక్కరలేదు గదా! యంత్రం మారినప్పుడు ఆ చిన్న బయాస్‌ను మాత్రం మార్చుకొంటే చాలు, తక్కిన సీపీ/ఎం అట్లే పనిచేస్తుంది. ఆ చిన్న ముక్కను తయారీదారుడే వ్రాసుకొనవచ్చు.

ఈ విభజన ఫలితం అపారమైనది. ఒక యంత్రం కోసం వ్రాసిన ప్రోగ్రాము సీపీ/ఎం ఉన్న మరొక యంత్రంపై కూడా పనిచేసే అవకాశం కలిగింది. దానితో ప్రోగ్రాములు వ్రాయడమే ఒక స్వతంత్ర వృత్తి, ఒక పరిశ్రమ కాగలిగింది. 1978లో వెలువడిన వర్డ్‌స్టార్, ఆ వెనుక వచ్చిన డీబేస్ టూ వంటి ప్రసిద్ధ ప్రోగ్రాములు మొదట సీపీ/ఎం నీడలోనే పెరిగాయి. తరువాతి కాలంలో ఆయనకు ప్రతిస్పర్ధిగా నిలిచిన మైక్రోసాఫ్ట్ సంస్థ సైతం, ఆపిల్ యంత్రాలపై సీపీ/ఎం నడిపేందుకు 1980లో ఒక కార్డును అమ్మి లాభం గడించింది. 1981 సెప్టెంబరు నాటికి 2,50,000కు పైగా సీపీ/ఎం అనుమతులు అమ్ముడైనాయి. పసిఫిక్ గ్రోవ్‌లో ఒక పాతకాలపు ఇల్లు ఆ సంస్థకు కార్యాలయమైంది.

ఇక ఆలస్యమైన కూర్పు సంగతికి వస్తాము. సీపీ/ఎం ఎనిమిది బిట్ల పరికరాల కోసం పుట్టినది. 1978 జూనులో ఇంటెల్ 8086 అనే పదహారు బిట్ల పరికరాన్ని విడుదల చేసింది. అంతకు మునుపటి వాటికంటె అది శక్తిమంతమైనది. ఎంతో ఎక్కువ జ్ఞాపకశక్తిని వాడుకొనగలది. దానికి తగిన సీపీ/ఎం కూర్పు వస్తుందని అందరూ ఎదురుచూచారు. సీపీ/ఎం-86 అనే పేరు అందరి నోళ్ళలో నానింది. అయితే అది చేతికి రాలేదు. ఒక పనిని పరిపూర్ణంగా చేయక వదలని స్వభావం కిల్డాల్‌ది. పైగా ఆయన సంస్థ అప్పుడు ఒకే యంత్రాన్ని పలువురు ఒకేసారి వాడుకొనే ఎంపీ/ఎం అనే మరొక వ్యవస్థపైన, ఇతర భాషల పైన కూడా పనిచేస్తూ ఉండేది.

సియాటిల్‌లో, అనగా కిల్డాల్ పుట్టిన ఊరిలోనే, ఒక చిన్న సంస్థ 8086 పరికరంతో కార్డులు తయారుచేసి 1979 చివర అమ్మకానికి పెట్టింది. కార్డులున్నాయి గాని వాటిని నడిపే ఆపరేటింగ్ సిస్టం లేదు. కూర్పు వస్తుంది వస్తుందన్న మాటతో సరుకు అమ్ముడుపోదు గదా! అక్కడి యువ ఇంజనీరు టిం పాటర్సన్ 1980 ఏప్రిల్‌లో తానే ఒక ఆపరేటింగ్ సిస్టం వ్రాయడం మొదలుపెట్టి, కొద్ది నెలల్లో పని జరిగేటంతటి దానిని సిద్ధం చేశారు. త్వరగా, ఉన్నంతలో చేసినదన్న అర్థం వచ్చే పేరునే దానికి పెట్టుకొన్నారు, అదే క్యూడాస్. సీపీ/ఎం ప్రోగ్రాములను సులభంగా మార్చుకొని వాడుకొనవచ్చునన్న ఉద్దేశంతో, ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టమును పిలిచే పద్ధతిని సీపీ/ఎంలో ఉన్నట్లే ఉంచారు. డిస్కుపై దస్తాలను లెక్కపెట్టే విధానాన్ని మాత్రం వేరుగా అమర్చారు. కిల్డాల్ కూర్పు వేళకు వచ్చి ఉంటే పాటర్సన్ ఈ శ్రమకు పూనుకొనవలసిన అగత్యం ఉండేది కాదు. అందరూ వేచి ఉన్నారు. ఒక్కడు వేచి ఉండలేకపోయాడు. చరిత్ర ఆ ఒక్కని వెంట నడిచింది.

అదే 1980 వేసవిలో ఐబీఎం అనే మహాసంస్థ రహస్యంగా ఒక చిన్న కంప్యూటరు తయారీకి పూనుకొని, ఆపరేటింగ్ సిస్టం కోసం వెదకుతున్నది. వారు మొదట మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్‌ను అడిగితే, ఆయనే వారిని కిల్డాల్ వద్దకు పంపారు. వారు పసిఫిక్ గ్రోవ్‌కు వచ్చిన ఉదయం కిల్డాల్ తన చిన్న విమానంలో ఒక వ్యాపార మిత్రుని వద్దకు పనిపై వెళ్ళి ఉన్నారు. వ్యవహారాలు చూచే డొరోతీ వచ్చినవారిని కలిశారు. మాట మొదలు పెట్టకముందే సంతకం చేయవలసిన రహస్య ఒప్పందంలోని షరతులు ఆమెకు, సంస్థ న్యాయవాదికి సమ్మతం కాలేదు. మధ్యాహ్నానికి తాను తిరిగివచ్చి చర్చలో పాల్గొన్నట్లు కిల్డాల్ చెప్పేవారు. ఐబీఎం పక్షాన వచ్చిన వారి జ్ఞాపకాలు ఇందుకు భిన్నంగా ఉన్నాయి. విమానంలో వినోదం కోసం విహరిస్తూ లక్ష్మీదేవి తలుపు తడితే తీయలేదన్న కథ మాత్రం నిజం కాదు. ఒప్పందపు షరతుల వద్ద, ధర వద్ద, అన్నిటినీ మించి, సిద్ధంగా లేని ఒక కూర్పు వద్ద ఆ బేరం చిక్కుపడింది.

మైక్రోసాఫ్ట్ సంస్థ 1980 డిసెంబరులో పాటర్సన్ వ్రాసిన ఆపరేటింగ్ సిస్టముపై 25,000 డాలర్లకు అనుమతి పొందింది. 1981 జులైలో మరొక 50,000 డాలర్లు చెల్లించి హక్కులన్నీ కొనివేసింది. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించినప్పుడు, పీసీ-డాస్ అనే పేరుతో అందులో ఉన్నది ఆ ఆపరేటింగ్ సిస్టమే. అది తన సీపీ/ఎంను పోలి ఉండడం చూచి కిల్డాల్ నొచ్చుకొని ఐబీఎం వారిని నిలదీశారు. ప్రోగ్రాములపై హక్కులను గూర్చిన న్యాయం ఆనాటికి ఇంకా స్థిరపడలేదు. ఆయన వ్యాజ్యానికి పోకుండా ఉండేందుకు, సీపీ/ఎం-86ను కూడా తమ యంత్రానికి అమ్ముతామని ఐబీఎం ఒప్పుకొన్నది. కాని అమ్మకపు పట్టికలో పీసీ-డాస్ ధర 40 డాలర్లయితే సీపీ/ఎం-86 ధర 240 డాలర్లు! పైగా అది వినియోగదారుల చేతికి అందినది 1982లో. అంతకాలం ఎదురుచూచిన కూర్పు చివరికి వచ్చిననాడు, లోకం దాని కోసం ఎదురుచూడడం మానివేసింది.

ఇంతటితో ఆయన కథ ముగిసినదని తలచేవారున్నారు. అది పొరపాటు. 1982లోనే ఆయన సంస్థ ఒకే మనిషి ఒకే చిన్న యంత్రంపై పలు ప్రోగ్రాములను ఒకేసారి నడుపుకొనే కంకరెంట్ సీపీ/ఎం-86ను వెలువరించింది. ఒకవైపు లెక్కలు సాగుతూ ఉండగా మరొకవైపు ఉత్తరం వ్రాసుకొనే ఈ సదుపాయం నేడు మనకు గాలి, నీరు వలె సహజమనిపిస్తుంది. 1985లో బొమ్మల ద్వారా యంత్రాన్ని నడిపే జెమ్ అనే వ్యవస్థను డిజిటల్ రీసెర్చ్ విడుదల చేసింది. ఆ ఏడే, కాంపాక్ట్ డిస్కుపై ఒక విజ్ఞాన సర్వస్వాన్ని మొత్తంగా ఎక్కించి చూపిన పని కూడా కిల్డాల్ నెలకొల్పిన మరొక సంస్థదే. గ్రోలియర్ విజ్ఞాన సర్వస్వం ఆ విధంగా ఒక బిళ్ళలో ఇమిడింది. 1983 నుండి 1990 వరకు అమెరికా టెలివిజన్‌లో కంప్యూటర్ క్రానికల్స్ అనే కార్యక్రమానికి ఆయన సహవ్యాఖ్యాతగా ఉన్నారు. తన ప్రత్యర్థుల వస్తువులను సైతం ఆయన అందులో ప్రశాంతంగా, ఆసక్తితో పరిశీలించేవారు. మాంటెరే తరగతి గదిలోని అధ్యాపకుడు ఆయనలో ఎన్నడూ నిద్రపోలేదు.

తరువాతి కూర్పును గూర్చిన ఊహాగానం ఆయన సంస్థ జీవితంలో మరొకసారి, మరొక రూపంలో ప్రత్యక్షమైంది. 1988లో డిజిటల్ రీసెర్చ్ మైక్రోసాఫ్ట్ వారి డాస్‌కు పోటీగా డీఆర్-డాస్‌ను విడుదల చేసింది. 1990లో వచ్చిన దాని 5.0 కూర్పు, జ్ఞాపకశక్తిని పొదుపుగా వాడే విషయంలో ప్రత్యర్థి కంటె ముందున్నది. ఆ వెంటనే మైక్రోసాఫ్ట్ వారి 5.0 కూర్పు కూడా రాబోతున్నదన్న వార్తలు వ్యాపించాయి. అది నిజంగా విడుదలైనది 1991 జూనులో. కొనుగోలుదారులు డీఆర్-డాస్ కొనకుండా ఆపడానికే ముందస్తు ప్రకటనలు చేశారన్నది, ఆ తరువాత డీఆర్-డాస్ హక్కులు పొందిన కాల్డెరా సంస్థ 1996లో వేసిన దావాలోని ఆరోపణలలో ఒకటి. ఆ దావా 2000 జనవరిలో రాజీతో ముగిసింది. న్యాయాన్యాయాల తీర్పు చెప్పడం మా పని కాదు. మనం గ్రహించవలసినది ఇంతే: రాని కూర్పును గూర్చిన మాట, వచ్చిన కూర్పు ముందు ఒక అడ్డుగోడ కాగలదు. 1980లో కిల్డాల్ కూర్పు రానందున ఒకడు పనికి పూనుకొన్నాడు. 1990లో ప్రత్యర్థి కూర్పు వస్తుందన్న మాట కిల్డాల్ సంస్థ చేతిలో ఉన్న సరుకుకు పోటీ అయింది. వేచి ఉండే లోకం ఒక్కటే. దాని వేచి ఉండడం వల్ల ఎవరికి మేలు జరుగుతుందన్నది మాత్రం మారుతూ ఉంటుంది.

1991లో నోవెల్ సంస్థ డిజిటల్ రీసెర్చ్‌ను కొన్నది. కిల్డాల్‌కు ధనానికి కొదువ లేకపోయింది. గాయం మాత్రం మానలేదు. 1992లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు విభాగం రజతోత్సవం జరిగినప్పుడు, అక్కడ డాక్టరేటు పొందిన ఆయనను ఆహ్వానించారు గాని ప్రధానోపన్యాసం బిల్ గేట్స్‌ది. ఆ సంఘటన ఆయన మనస్సును కలచివేసింది. తన వైపు కథను చెప్పుకోవాలన్న తలంపుతో ఆయన ఒక స్వీయచరిత్రను వ్రాసి, అచ్చు వేయించకుండానే కొద్దిమంది ఆప్తులకు పంచిపెట్టారు. 1994 జులైలో మాంటెరేలో తలకు గాయమై, ఆ నెల 11వ తేదీన మరణించారు. పుట్టిన సియాటిల్‌లోనే ఆయన సమాధి ఉన్నది.

ఆయన పోయిన ఇరవై ఏళ్ళకు, 2014 ఏప్రిల్‌లో, అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘమైన ఐఈఈఈ పసిఫిక్ గ్రోవ్‌లోని ఆయన పాత కార్యాలయం ముందు స్మారక ఫలకాన్ని నెలకొల్పింది. తొలినాటి సీపీ/ఎం ప్రోగ్రామును అదే ఏడు, ఆయన స్వీయచరిత్రలోని కొంత భాగాన్ని 2016లో, కాలిఫోర్నియాలోని కంప్యూటర్ చరిత్ర ప్రదర్శనశాల లోకానికి అందుబాటులోకి తెచ్చింది. ఆలస్యంగా వచ్చినా ఇది న్యాయమే.

మిత్రులారా! ఈ జీవితం నుండి మనం గ్రహించదగినవి రెండున్నవని మేము భావిస్తున్నాము.

మొదటిది, రాబోయే కూర్పును గూర్చి ఊహించడం తప్పు కాదు. ఊహ లేనిచో కిల్డాల్ ఆ చిన్న ముక్కలో కంప్యూటరును చూడగలిగేవారు కారు. కాని ఆయన ఊహించి ఊరుకొనలేదు. లేని యంత్రాన్ని అనుకరించి, దానిపై పనిచేశారు. పాటర్సన్ కూడా రాని కూర్పును విమర్శిస్తూ కూర్చొనలేదు. చేతనైనది చేసి చూపారు. ఇద్దరిలో ఎవరు గొప్పవారన్న ప్రశ్న మనకు అనవసరం. ఒకరు అవసరాన్ని అందరికంటె ముందుగా గుర్తించారు, మరొకరు అవసరానికి వేళకు అందారు. జీవితంలో ఈ రెండూ కావాలి. మొదటిది మాత్రమే ఉంటే ఏమవుతుందో కిల్డాల్ 1980లో అనుభవించారు. పరిపూర్ణమైన పని రేపు ఇస్తామని చెప్పడం కంటె, పనికివచ్చే పని నేడు చేతికి ఇవ్వడమే కొన్ని వేళల మేలు.

రెండవది, ఒక మనిషిని ఒక్క పూటతో కొలవరాదు. ఇరవై ఏళ్ళ కృషిని ప్రక్కకు నెట్టి, ఒక ఉదయం ఆయన ఇంట లేరన్న ముక్కను మాత్రం లోకం పట్టుకొన్నది. మనలోనూ ఒక్క పరీక్ష తప్పినందుకు, ఒక్క అవకాశం చేజారినందుకు జీవితమంతా అంతటితో తీరిపోయిందనుకొనే మిత్రులుంటారు. వారిని అట్లే కొలిచే పెద్దలూ ఉంటారు. ఉభయులకూ మా మనవి ఇదే. ఐబీఎం బేరం పోయిన తరువాత కూడా కిల్డాల్ పద్నాలుగేళ్ళు జీవించారు. ఆ పద్నాలుగేళ్ళలో ఎక్కువ భాగం కొత్తవి కనిపెడుతూనే గడిపారు. యంత్రంలో మారే భాగాన్నీ మారని భాగాన్నీ విడదీసిన ఆయన ఆలోచన ఒక్క కూర్పుకు చెందినది కాదు. ఆ తరువాత వచ్చిన కూర్పులెన్నో ఆ పునాదిపైనే లేచాయి, పడిపోయాయి. పునాది మాత్రం నిలిచింది.

ఈసారి మీరు కంప్యూటరు తెరిచి 'సి' అనే ఆ అక్షరాన్ని చూచినప్పుడు, దాని ముందు ఖాళీగా ఉన్న రెండు విస్తళ్ళను ఒక్క క్షణం తలచుకొనండి. వాటిని వేసిన మనిషి పేరు గ్యారీ కిల్డాల్.